తాళం పడే తుపాకీ, అతుకుల వల

మఖ కార్తె, మంగళవారం

ఈ పెట్టెలో మాట్లాడితే అవతల వినే మనిషి ఉన్నాడో లేడో నాకు తెలియదు. ఉంటే వినండి, లేకపోతే మీ ఖర్మ. నా పేరు చౌడమ్మ. వంక ఒడ్డున రెండెకరాలు మీ చలువ కంపెనీ దగ్గర కౌలుకు తీసుకుని వేరుశనగ వేశాను. వారానికోసారి గట్టు మీద మీరు పాతిన ఈ గొంతుపెట్టె ముందు నిలబడి చేని సంగతి చెప్పాలట. చెప్పకపోతే కౌలు రద్దట. చెప్పుకుంటే మీరేం చేస్తారో మాత్రం ఏ కాగితంలోనూ రాయలేదు.

ఈ వారం సంగతి ఏమిటంటే, చేన్లో పందులు పడ్డాయి. ఊడలు దిగి కాయ ఊరుతున్న వేళ తూర్పు మూలంతా ముట్టెలతో పెళ్లగించాయి. కాయ నమిలి, పొట్టు అక్కడే ఉమ్మి, చక్కగా పోయాయి. 

కొండ మీది అడవి మీది. మా జేజి చిన్నప్పుడు అది బోడికొండ. మీరు చెట్లు నాటారు, ఆ చల్లదనాన్ని ఏ దేశాలకో అమ్ముకుంటున్నారు. అమ్ముకోండి, నాకేం బాధ లేదు. అడవి అన్నాక జంతువులుండాలని పందుల్ని కూడా వదిలారు. ఒక్కొక్కదాని తొడలో గింజంత బిళ్ల పెట్టి, పుట్టిన పిల్లను పుట్టినట్టు లెక్క రాసుకున్నారు. చుట్టూ తీగ కంచె వేశారు. ఆ కంచెకు వంక దగ్గర గండి పడి రెండు వానాకాలాలు దాటింది. నేను ఇదే పెట్టెలో మూడుసార్లు చెప్పాను.

చిత్త కార్తెలో మీ డ్రోన్ వచ్చి చేను కొలుస్తుంది. సగం చేను బోడిగా కనబడితే కౌలు పోతుంది, ఇల్లూ పోతుంది, రొయ్యల షెడ్లలో కూలికి లారీ ఎక్కాలి. పోయినేడు ఇలాగే చేను పందులపాలై మా పక్క చేని హనుమక్క వాళ్లు ఎక్కారు. ఇంతవరకు ఒక్క కబురు లేదు. నేను ఎక్కను. ఇది రాసుకోండి.

మఖ కార్తె, శనివారం

మీ నిరంజన్ సారు వచ్చాడు. మా ఎనిమిది చేలకూ తనిఖీదారు ఆయనే. చేతిలో పలక పట్టుకుని, చేన్లోకి దిగితే బూట్లకు మట్టి అంటుతుందని గట్టు మీదే నిలబడ్డాడు.

"మా పందులు కంచె దాటలేదమ్మా. చూడండి, స్క్రీన్ మీద అన్నీ లోపలే ఉన్నాయి," అన్నాడు.

"అట్లయితే నా చేన్లో పడిండేవి ఏంటివి సారూ, మీ అత్తగారింటి మేకలా?"

"అవి బయటి పందులు. ఎవరివీ కావు. మావైతే నష్టం మేమే భరిస్తాం, కౌలుకు ఢోకా ఉండదు. మావి కావు కాబట్టి మీ నష్టం మీదే. కావాలంటే వాటిని వేటాడుకునే హక్కు మీకుంది."

"ఆ మాట ఈ పెట్టెలో చెప్పండి."

చెప్పాడు. ఈ వంక పక్కన తిరిగే పందులు సంస్థవి కావని, కౌలుదారు చౌడమ్మ వేటాడుకోవచ్చని, తన నోటితో తనే చెప్పాడు. మీ దగ్గర ఉండే ఉంటుంది, తీసి వినండి.

నాకు వేటంటే ఏం తెలుసు? ఎలుకను కొట్టడం తప్ప ఏ ప్రాణినీ తరమలేదు. ఆ మాటే అంటే పేదవాళ్ల కోసం మీ కంపెనీ 'తొలి వేట సంచి' అద్దెకిస్తుందని చెప్పాడు. ఒక చిన్న తుపాకీ, తలకు కట్టుకునే దీపం, ఒక ఈల. పెద్ద సంచి కూడా ఉందట, అందులో దుర్భిణి, చలికి కోటు కూడా ఉంటాయట. మా ఎండలో చలికోటు ఎవడి మొహాన కొట్టను? చిన్న సంచే తీసుకున్నాను. అద్దె పంటలో పట్టుకుంటారు. పంట మిగిలితే కదా పట్టుకోవడానికి.

పుబ్బ కార్తె, గురువారం

మీ తుపాకీ సంగతి చెబుతాను, చెవులు పెద్దవి చేసుకుని వినండి.

మంచె మీద కూర్చున్నాను. మా చిన్నాయన వన్నూరప్ప కింద కూర్చున్నాడు. మా పిన్నమ్మ మొగుడు. ఆమె పోయాక నా దగ్గరే ఉంటున్నాడు. పొద్దు ఇంకా గుంకనే లేదు, అప్పుడే పందులు దిగాయి. ముందు ఒక పెద్ద ఆడపంది, దాని వెనక చారలు చెరిగిపోయిన వయసు పిల్లలు ఏడు. భయం లేదు, సిగ్గు లేదు, పెళ్లి విందుకు వచ్చినట్టు సాళ్ల వెంబడి కూర్చున్నాయి. తుపాకీ ఎత్తి గురి పెట్టి నొక్కాను. ఎర్ర దీపం వెలిగి, లోపలి నుంచి ఒక ఆడగొంతు మర్యాదగా చెప్పింది: "ఎదురుగా సంస్థ జంతువు ఉంది. తుపాకీకి తాళం పడింది."

పిల్ల మీదికి తిప్పాను, అదే మాట. ఇంకో పిల్ల మీదికి తిప్పాను, అదే మాట. ఏడింటికీ ఏడుసార్లు చెప్పింది. ఆ గొంతు వినీవినీ పందులు కూడా తలెత్తడం మానేశాయి. మా కుక్క కర్రిగాడు ఒక్కడే మొరిగి మొరిగి గొంతు పోగొట్టుకున్నాడు.

తెల్లారి తుపాకీ తీసుకుని నిరంజన్ సారు ఆఫీసుకు పోయాను. "నీ తుపాకీనే చెప్తాండాది గదా సారూ, అవి మీ పందులేనని!" అన్నాను.

"అది చవకరకమమ్మా, ఒక్కోసారి తప్పు చెబుతుంది."

"అయితే ఖరీదుది ఇయ్యి."

ఆయన "దానికీ తాళం పడుతుంది," అన్నాడు.

ఎంత ఒళ్లు మండిందంటే ఆ తుపాకీతో ఆయన బల్ల మీద ఒక్కటి వేశాను. పేలకపోయినా మోగింది. నష్టం అడిగితే పందులు మీవి కావు. చంపబోతే మీవే. ముందు పోతే గొయ్యి, వెనక పోతే నుయ్యి. మనిషిని ఇంత తీరిగ్గా ముంచడం ఎక్కడ నేర్చుకున్నారు మీరు?

పుబ్బ కార్తె, ఆదివారం

తుపాకీని అటక మీద పడేశాను. మా చిన్నాయన మాత్రం వేటను వదలనన్నాడు.

"మా అబ్బ బల్లెంతో పందిని పొడిచినోడు మే చౌడీ. మా రక్తంలోనే ఉండాది వేట," అన్నాడు.

ఈయన ముప్పై ఏళ్లు లారీ తోలాడు. అడవిని లారీ అద్దంలోంచి తప్ప చూడలేదు. అయినా చేసేదేముంది, కొనడానికి నా దగ్గర ఏమీ లేదు, ఊళ్లో పడి ఉన్నవాటితోనే సరంజామా చేసుకోవాలి. చెట్ల కింద తుప్పు పట్టిపోతున్న పాత లారీ కమాను పట్టీలు రెండు విప్పాం. బొగ్గుల్లో ఎర్రగా కాల్చి, సమ్మెటతో కొట్టి మొన తీశాం. వెదురు బొంగు తొడిగాం. మొదటి బల్లెం గునపమంత బరువైంది, ఎత్తితే నేనే ముందుకు పడ్డాను. రెండోది కుదిరింది.

వలకు తాడు కావాలి. మా ఊళ్లో నీళ్లు లేకపోయినా బోర్లకు కొదవ లేదు. ఎండిపోయిన బోర్లలో మోటార్లు వేలాడదీసిన నైలాను తాళ్లు అలాగే ఉన్నాయి. ఇంటికొక తాడు లాగి తెచ్చారు. రంగుకొకటి, లావుకొకటి. ఎనిమిది చేలవాళ్లం అరుగు మీద కూర్చుని ముడులు వేశాం. అందరి చేలూ మునుగుతున్నాయి కాబట్టి ఎవరినీ బతిమాలాల్సిన పని రాలేదు. కర్రిగాడి మెడకు టైరు ముక్కతో పట్టీ కుట్టాను, పంది కోర మొదట వెతికేది కుక్క మెడనే అని చిన్నాయన చెప్పాడు. అది ఒక్కటి ఆయన సరిగ్గా చెప్పాడు.

ఇవాళ పొద్దున్నే వంకలో కంప చెట్ల మధ్య పందులు పడుకున్నాయని తెలిసి ఒక వైపు వల కట్టాం, రెండో వైపు నుంచి డబ్బాలు కొడుతూ తోలాం. చిన్నాయన వలను మంచం నవారు బిగించినట్టు బిగించాడు. "సడలితే పరువు పోతాది," అన్నాడు. ఆడపంది వచ్చింది, బిగువున్న చోట తల పెట్టి ఒక్క తోపు తోసింది, పెటపెటా తెంపుకుని పోయింది. పిల్లలు దాని వెనకే. చిన్నాయన ముళ్లకంపలో కూర్చున్నాడు. కూర్చోవాలని కూర్చోలేదు.

"మీ అబ్బ ఇట్లనే పొడిచినాడా?" అని అడిగాను.

"గమ్మునుండు చౌడీ, ముండ్లు తియ్యి," అన్నాడు.

నవ్వు రాలేదు. సగంలో సగం చేను ఇప్పటికే పోయింది.

ఉత్తర కార్తె, శుక్రవారం

కొట్టాం.

ఈసారి వలను వదులుగా, ఉయ్యాలలా వేలాడదీశాను. తోసినకొద్దీ లోపలికి పోవాలి, చుట్టుకోవాలి. చిన్నాయన సణిగాడు, నేను వినలేదు. పొద్దు పొడిచాక తోలాం. ఆడపందే ముందు వచ్చింది, వలలో తల దూర్చింది, విదిలించుకునేకొద్దీ తాళ్లు కాళ్లకు చుట్టుకున్నాయి. పిల్లలు పక్కనుంచి చీలిపోయి గండి వైపు పరిగెత్తాయి.

దగ్గరికి పోయాను. అది నన్ను చూసింది. పిల్లల్ని మేపుకోవడానికి వచ్చిన తల్లి అది. కంచె సరిగ్గా ఉండి ఉంటే నా చేనుకు వచ్చేది కాదు, నా చేతిలో బల్లెమూ ఉండేది కాదు. ముందుకాలి వెనక పొడిచాను. ఆ క్షణం నాకు దాని మీద కోపం లేదు. మీ మీదే ఉంది.

తర్వాత పోగులు. తెలియకపోతే తెలుసుకోండి. మా దగ్గర వేట మాంసం దాచుకోరు, అమ్ముకోరు. కోసి పోగులు వేస్తారు. పోగులు వేసేటప్పుడు అక్కడున్న ప్రతి ఒక్కరికీ ఒకటి, కుక్కకూ ఒకటి. ఒకరు వీపు తిప్పి కూర్చుంటారు, ఇంకొకరు ఒక్కో పోగు మీద చెయ్యి పెట్టి "ఇది ఎవురికి?" అని అడుగుతారు. వీపు తిప్పినవాళ్లు ఎవరి పేరు చెబితే వాళ్లది. ఎవడూ నాకు ఎముకలొచ్చాయి, వానికి కండ వచ్చిందని నోరెత్తకూడదు.

సరిగ్గా అప్పుడే మీ నిరంజన్ సారు తనిఖీకి వచ్చాడు. అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఆయన పందిని చూశాడు, పోగుల్ని చూశాడు, గుటక మింగాడు. పాపం, కంపెనీ క్వార్టర్లలో వాళ్లు తినేది తొట్లలో పెంచిన ముద్ద మాంసం. వచ్చినవాణ్ని వదిలి పంచకూడదు, అది మా పద్ధతి. ఎంత కోపమున్నా పద్ధతి పద్ధతే. ఇంకో పోగు వేయించాను.

"బయటి పందేనా?" అన్నాడు మెల్లగా.

"మీరే చెప్పినారు గదా సారూ, బయటిదని."

వీపు తిప్పి కూర్చున్నది చిన్నాయన. నాలుగో పోగు మీద చెయ్యి పడగానే "తనికీ సారుకు!" అన్నాడు. మంచి తొడ కండ. మోదుగాకుల్లో కట్టిస్తే సంచిలో పెట్టుకుని, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి పోయాడు.

ఉత్తర కార్తె, సోమవారం

నిరంజన్ సారు మా గుడిసెకు వచ్చాడు. ఈసారి గట్టు మీద ఆగలేదు, బూట్లతో బురదలోంచే వచ్చాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"చౌడమ్మగారూ, నన్ను కాపాడాలి," అన్నాడు. ఎప్పుడూ లేని 'గారు' ఎక్కడినుంచో ఊడిపడింది.

జరిగిందేమిటంటే, బిళ్ల చెప్పే మాట మీ టవర్‌కు కంచె లోపలే వినబడుతుంది. పంది బయటికి వస్తే టవర్‌కు ఏమీ వినబడదు. అప్పుడు స్క్రీన్ అది చివరగా ఎక్కడ కనబడిందో అక్కడే ఉన్నట్టు చూపిస్తూ కూర్చుంటుంది. అందుకే మీ పందులన్నీ ఎప్పుడూ లోపలే. ఇక ఈయన క్వార్టరు కంచె లోపల ఉంది. పోగు పట్టుకుని ఇంట్లో అడుగు పెట్టగానే, తొడ కండలో ఉన్న బిళ్ల టవర్‌కు వినబడింది. స్క్రీన్ మీద ఆడపంది ఒకటి తనిఖీదారు వంటింట్లో నిలబడి ఉంది. కాపలావాళ్లు వచ్చి గిన్నె మూత తీశారు.

వినగానే చిన్నాయన నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు.

"నేనే దొంగతనంగా కొట్టానంటున్నారు. ఉద్యోగం పోతుంది, జైలు కూడా పడొచ్చు," అన్నాడు నిరంజన్.

"యాడ దొరికిందో చెప్పు మరి."

"మీ చేని దగ్గరని చెబితే పంది బయటికి వచ్చిందని ఒప్పుకున్నట్టు. కంచె బాగుందని వారం వారం సంతకం పెట్టింది నేనే."

"చెప్పకపోతే పందిని నువ్వే కొట్టినట్టు."

నాకు జాలి కలగలేదు. కలగాలనుకున్నాను, రాలేదు. హనుమక్క వాళ్లు లారీ ఎక్కేటప్పుడు కూడా ఈయన చేతిలో ఇదే పలక ఉంది. ఆమె నష్టం ఆమెదేనని రాసిన కాగితం మీద ఉన్నదీ ఈయన సంతకమే.

"నేను కొట్టినానని నేను చెప్తా. మీరు కొట్టుకోమన్న మాట పెట్టెలో ఉండాది. నువ్వు మాత్రం పంది యాడినుంచి వచ్చిందో నిజం చెప్పు. నా ఒక్కదాని చేను గురించి కాదు, హనుమక్క చేను గురించి కూడా," అన్నాను.

నీళ్లిస్తే తాగాడు. పోయేటప్పుడు నిజమే చెబుతానన్నాడు.

హస్త కార్తె, బుధవారం

మీ తీర్పు వచ్చింది. చిన్నాయన కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చదివాడు.

పందులు కంచె దాటిన మాట నిజమేనట. మా ఎనిమిది చేల నష్టం సంస్థ జంతువుల వల్ల జరిగిందేనట. కాబట్టి డ్రోన్ కొలత మాకు వర్తించదు, కౌళ్లు కొనసాగుతాయి. హనుమక్క సంగతి 'పరిశీలనలో ఉంది'. ఆ మాట వినగానే పళ్లు కొరికాను. ఎక్కించడానికి ఒక్క పూట చాలింది, దించడానికి పరిశీలన కావాలి!

చివర ఇంకో ముక్క ఉంది. చనిపోయిన ఆడపందిని చౌడమ్మ సంస్థ నుంచి కొన్నట్టుగా భావించి, దాని పూర్తి ధర ఈ ఏటి పంటలో మినహాయిస్తారట. ఆ ధర చూస్తే కళ్లు తిరిగాయి. అడవిపంది కాదు, ఐరావతం అనుకోవాలి. మిగిలిన కాయంతా దానికే పోతుంది. ఏడాదంతా ఏం తినాలి నేను? మట్టా? ఒక చేత్తో ఇచ్చి రెండు చేతులతో లాక్కోవడం మీకు తల్లిపాలతో అబ్బిందా?

పైగా ఆ ఏడు పిల్లలూ మానలేదు. తల్లి చూపించిన దారి పట్టుకుని నిన్న కూడా వచ్చాయి. గండి ఇంకా అలాగే ఉంది.

రాత్రి అన్నం ముందు కూర్చుని కూడా ఆ కాగితం గురించే ఆలోచించాను. కొన్నట్టుగా భావించి, కొన్నట్టుగా భావించి అని పైకే అనుకుంటున్నాను.

"చిన్నాయనా, ఆ ముక్క మళ్లీ చదువు. కొన్నట్టేనా, తప్పుకు జరిమానా కట్టినట్టా?"

"కొన్నట్టే. కొన్నట్టు అని నిక్కచ్చిగా రాసినారు."

"సంతలో ఆవును కొంటే వెనకాలుండే దూడ ఎవురిది?"

చిన్నాయన ముద్ద నోటి దగ్గర ఆపేశాడు. "అమ్మినోడు ముందే చెప్పి పక్కన కట్టేసుకోకపోతే, తల్లిని కొన్నోనిదే," అన్నాడు. "దాంట్లో అడిగేదేముండాది!"

హస్త కార్తె, శనివారం

గండిలోంచి దూరి పోవచ్చు. పోలేదు. మేమేం దొంగలం కాదు. ఎనిమిది ఇళ్లవాళ్లం వల భుజాన వేసుకుని మీ పెద్ద గేటుకే పోయాం. చేతిలో మీ తీర్పు కాగితం, పందిని నేను కొన్న బిల్లు అదే.

గేటు దగ్గర కాపలా ఎవరో తెలుసా? నిరంజన్. తనిఖీ ఉద్యోగం తీసేసి అక్కడ నిలబెట్టారు. నిజం చెప్పినందుకా, పోగు తిన్నందుకా అని అడిగాను. తనకూ తెలియదన్నాడు.

"గేటు తియ్ నాయనా. మా పిల్లల్ని తోలుకుపోను వచ్చినాం."

"ఏ పిల్లలమ్మా?"

బిల్లు చేతికిచ్చాను. చదివాడు. మళ్లీ చదివాడు.

"తల్లిని పూర్తి ధరకు అమ్మినారు. పిల్లల్ని మినహాయించినామని యాడైనా ఉంటే చూపించు, ఇట్లనే ఎనక్కి పోతా," అన్నాను.

"బయటి పందుల్నే వేటాడాలని రూలు కదా..."

"ఇది వేట కాదప్పా. ఎవురి పందిని వాళ్లు పట్టుకుంటే దాన్ని వేటంటారా?"

పలక తీసి ఆడపంది నంబరు కొట్టాడు. ఏ తల్లికి ఎన్ని పుట్టాయో మీరే రాసుకున్నారు కదా, దాని కింద వరసగా ఏడు నంబర్లు వచ్చాయి. పైవాళ్లను అడగాలన్నాడు. అడగమన్నాను. ఫోను చేశాడు. తల్లిని అమ్మితే పిల్లలు ఎవరివో చెప్పే రూలు ఉన్నట్టు గానీ లేనట్టు గానీ తమకు తెలియదన్నారు అవతలివాళ్లు. నిరంజన్ ఫోను జేబులో పెట్టుకుని, మా వల వైపు చూసి, గేటు తీశాడు.

మధ్యాహ్నానికి మూడింటిని ప్రాణాలతో పట్టాం. పెరట్లో రాతి దొడ్డి కట్టి వేశాను, చూడాలనుకుంటే వచ్చి చూడండి. ఇంకా నాలుగు మీ అడవిలో ఉన్నాయి. అవి నావి. నేను వచ్చి పట్టుకునేదాకా వాటి ఒంటి మీద దెబ్బ పడితే మిమ్మల్నే అడుగుతాను.

మీ అడవిలో మేస్తున్నాయి కాబట్టి పుల్లరి కట్టమంటారేమో. కడతాను. ముందు నా చేన్లో, హనుమక్క చేన్లో, మీ పందులు ఇన్నాళ్లూ మేసినదానికి మీరెంత బాకీ ఉన్నారో తేల్చి, ఆ కాగితం పట్టుకుని రండి.